పాత యుద్ధజెట్టు, గగనయోగ్యత

ఆమోదం పొందిన నమూనాకు అనుగుణంగా ఉంటూ, సురక్షితంగా ఎగరగలిగే దారుఢ్యం కలిగి ఉండటమే విమానానికి గగనయోగ్యత. ఈ నిర్వచనంలో పైకి కనిపించే షరతులు రెండే గానీ, లోపల మూడవది ఒకటి దాగి ఉంది. నమూనాకు అనుగుణంగా ఉన్నదనీ, దారుఢ్యం సడలలేదనీ అడిగినవారికి నిరూపించగలగాలి. కొత్త విమానం విషయంలో ఈ మూడవ షరతును తయారీ సంస్థే తీరుస్తుంది కనుక ప్రయాణికుడికి దాని ఊసే తెలియదు. సైన్యం విరమింపజేసిన నలభై, యాభై ఏళ్ళ నాటి జెట్టును మళ్ళీ ఆకాశానికి ఎక్కించాలని పూనుకున్నవారికి మాత్రం శ్రమలో అధికభాగం దీనికే ఖర్చవుతుంది. లోహాన్ని బాగుచేయటం కన్నా ఆ లోహం బాగున్నదో లేదో తెలుసుకోవటం కష్టం. తెలుసుకున్నదాన్ని రుజువు పరచటం అంతకన్నా కష్టం. ఈ వ్యాసంలో ప్రతిపాదించదలచినది ముఖ్యంగా ఇదే.

పాత విమానాల సంరక్షణను స్థాయిలుగా విభజించి చూడటం అవసరం. విశాఖపట్నం సముద్రతీరంలో 2017 నుంచి సందర్శకుల కోసం నిలిపిన నౌకాదళ విమానం టీయూ-142 ప్రదర్శన సంరక్షణకు ఉదాహరణ. అది జెట్టు కాదు, టర్బైన్లతో తిరిగే ప్రొపెల్లర్లున్న విమానం. అయినా సూత్రం ఒకటే. ఉప్పుగాలికి ఆకృతి చెడకుండా, సందర్శకుల తాకిడికి మెట్లు విరగకుండా చూసుకుంటే దానికి చాలు. ఇంజిన్లు నడిపి, రన్‌వే మీద పరుగెత్తించి, పైకి లేపకుండా ఆపేయటం రెండవ స్థాయి. మూడవది గగనయోగ్యత. రెండవ స్థాయికీ మూడవదానికీ మధ్య దూరం చూసేవారికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే. ఇంజనీరుకు అది కొన్ని సంవత్సరాల పని, కొన్ని లక్షల పౌండ్ల వ్యయం.

ఈ మూడవ స్థాయిని పరిశీలించటానికి బ్రిటన్‌కు చెందిన ఆవ్రో వల్కన్ బాంబరు, అందులోనూ ఎక్స్‌హెచ్ 558 అనే విమానం, అన్నివిధాలా తగిన ఉదాహరణ. త్రిభుజాకార రెక్కతో, నాలుగు జెట్ ఇంజిన్లతో, అణుబాంబులను మోయటానికి రూపొందిన వల్కన్ నమూనా 1952 ఆగస్టు 30న తొలిసారి ఎగిరింది. ప్రయోగ నమూనాలతో కలిపి మొత్తం 136 తయారయ్యాయి. ఎక్స్‌హెచ్ 558 మొదటిసారి 1960 మే నెలలో ఎగిరి, అదే సంవత్సరం జులైలో రాయల్ ఎయిర్‌ఫోర్స్‌కు చేరింది. చివరి రోజుల్లో ఇతర విమానాలకు ఆకాశంలో ఇంధనం అందించే ట్యాంకరుగా, ఆ తరువాత 1992 దాకా ప్రదర్శన విమానంగా పనిచేసి, 1993 మార్చిలో బ్రంటింగ్‌థార్ప్ అనే చోటికి చేరి ప్రైవేటు యాజమాన్యం కిందికి వచ్చింది. 2005లో పూర్తిస్థాయి పునరుద్ధరణ మొదలై, 2007 అక్టోబరు 18న అది మళ్ళీ గాలిలోకి లేచింది. సుమారు 27 లక్షల పౌండ్ల లాటరీ నిధి గ్రాంటు, వేలాదిమంది విరాళాలు కలిస్తే గానీ ఆ పని సాగలేదు. ధనసేకరణ కథ వేరే వ్యాసానికి వస్తువు. మనకు కావలసింది లోహం కథ.

విమానానికి వయస్సు ఒకటి కాదు. ఎగిరిన గంటలతో, మోసిన భారాలతో లెక్కించేది ఒక వయస్సు. ఇంజిన్ ఎన్నిసార్లు చల్లని స్థితి నుంచి పూర్తి శక్తికి వెళ్ళి తిరిగి చల్లబడిందో లెక్కించే చక్రసంఖ్య మరొకటి. వీటితో నిమిత్తం లేకుండా, హ్యాంగర్‌లో కదలకుండా పడి ఉన్నా సాగిపోయే కాలెండరు వయస్సు ఇంకొకటి. పాత విమానాన్ని కొన్నవారు సాధారణంగా మొదటిదాన్నే అడుగుతారు. తక్కువ గంటలు ఎగిరిందని తెలిస్తే సంతోషిస్తారు. పదేళ్ళు మూలన పడి ఉన్న విమానం, ఆ పదేళ్ళూ క్రమం తప్పకుండా ఎగిరినదానికన్నా అధ్వానంగా ఉండటం అరుదేమీ కాదు. సీళ్ళు ఎండిపోతాయి, ట్యాంకుల అడుగున నీరు చేరుతుంది, ఎలుకలు తీగల తొడుగులు కొరుకుతాయి.

భారాల వల్ల కలిగే వయస్సుకు మూలం లోహశ్రాంతి. ఒక లోహం ఒక్కసారిగా తట్టుకోగల ప్రతిబలం కన్నా ఎంతో తక్కువైన ప్రతిబలం పదేపదే పడినప్పుడు, అందులో సూక్ష్మమైన పగులు పుట్టి, పెరిగి, చివరకు భాగం తెగిపోవటాన్ని లోహశ్రాంతి అంటారు. తీగను అటూ ఇటూ వంచి విరిచే చిన్ననాటి ఆటను దీనికి దృష్టాంతంగా చెబుతుంటారు గానీ, ఆ దృష్టాంతం సగమే సరైనది. తీగను మనం దాని స్థితిస్థాపక అవధిని దాటి వంచుతాం. వంపు కంటికి కనిపిస్తుంది. విమానపు రెక్కదూలంలో ప్రతిబలం ఆ అవధిని దాటదు. ప్రతి వంపు తరువాతా లోహం యథాస్థితికి వచ్చినట్టే ఉంటుంది, కొలిస్తే పొడవూ మారదు. నష్టం మాత్రం జమ అవుతూనే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై చేసిన ప్రయోగాలతో ఈ శాస్త్రానికి పునాది పడింది. 1954లో రెండు కామెట్ ప్రయాణికుల జెట్లు గాలిలోనే విచ్ఛిన్నమై, బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీటి తొట్టెలో ఉంచి దాని దేహాన్ని మళ్ళీమళ్ళీ ఒత్తిడికి గురిచేసి చూసిన తరువాత, జెట్ యుగానికి దీని తీవ్రత పూర్తిగా బోధపడింది.

జమ అయ్యే నష్టాన్ని లెక్కించటానికి ఒక సులభ సూత్రం ఉంది. ఒకానొక ప్రతిబలం వద్ద భాగం లక్ష ఆవృత్తులు తట్టుకోగలిగితే, ఆ స్థాయిలో జరిగిన ఒక్కొక్క ఆవృత్తి దాని ఆయుష్షులో లక్షో వంతు తినేస్తుందని భావించి, వేర్వేరు స్థాయిల నష్టాలను కూడుతూ పోతారు. 1945లో మైనర్ అనే ఇంజనీరు ప్రచారంలోకి తెచ్చిన ఈ సంకలన సూత్రం స్థూలమైనదే అయినా నేటికీ ఉపయోగంలో ఉంది. రాయల్ ఎయిర్‌ఫోర్స్ విమానాల్లో త్వరణం నిర్ణీత హద్దులను ఎన్నిసార్లు దాటిందో లెక్కించే మీటర్లు అమర్చి, ఆ అంకెల నుంచి శ్రాంతి సూచికను గణించి, ఆ సూచిక వందకు చేరితే సురక్షిత ఆయుష్షు ముగిసినట్టు పరిగణిస్తారు. కనుక వల్కన్ వంటి విమానానికి ఒక గంట మరొక గంటతో సమానం కాదు. నలభై వేల అడుగుల ఎత్తున నిశ్చలమైన గాలిలో గడిచిన గంటకూ, నేలకు దగ్గరగా గాలికుదుపుల మధ్య గడిచిన గంటకూ ఎంతో భేదం ఉంటుంది. 1960లో ఎత్తున ఎగురుతున్న అమెరికా గూఢచారి విమానం యూ-2ను సోవియట్లు క్షిపణితో కూల్చిన తరువాత బ్రిటిష్ బాంబర్లు క్రమేణా తక్కువ ఎత్తులో ఎగిరే పద్ధతికి మారాయి. రాడారుకు చిక్కకుండా ఉండటం కోసం చేసిన ఈ మార్పుకు మూల్యం రెక్కదూలాలు చెల్లించాయి.

ఆ మూల్యం ఎంతటిదో వల్కన్‌కు తోటి బాంబరైన వికర్స్ వాలియంట్ చరిత్ర చెబుతుంది. వాలియంట్ రెక్కదూలాలకు జింకు కలిసిన అధికబల అల్యూమినియం మిశ్రమలోహాన్ని వాడారు. బరువుకు తగిన బలం విషయంలో అది ఆ కాలపు అత్యుత్తమ లోహాల్లో ఒకటి. కానీ శ్రాంతికీ, కణాంతర క్షయానికీ లొంగే గుణం దానిలో ఉంది. లోహం ఏకశిల కాదు, అసంఖ్యాకమైన సూక్ష్మ స్ఫటిక కణాల సమూహం. ఆ కణాల సరిహద్దుల వెంట రసాయనిక క్షయం పాకటాన్ని కణాంతర క్షయం అంటారు. ఉపరితలం నునుపుగానే కనిపిస్తుంది, లోపల కణానికీ కణానికీ పట్టు వదులుతుంది. నిరంతర ప్రతిబలం కూడా దానికి తోడైతే ప్రతిబల క్షయభంగం సంభవిస్తుంది. ఎగరకుండా నిలబడి ఉన్న విమానంలోనూ, బిగించిన బోల్టు ఒత్తిడికే, పగులు పెరుగుతుంది. 1964లో వాలియంట్ రెక్కదూలాల్లో పగుళ్ళు బయటపడ్డాక ఆ సంవత్సరాంతానికి వాటిని ఎగరనివ్వకుండా ఆపివేసి, 1965 ఆరంభంలో మొత్తం విమానాలను సేవ నుంచి తొలగించారు. అప్పటికి వాటిలో చాలావాటికి పదేళ్ళైనా నిండలేదు.

క్షయంలో ఇంకా అనేక రకాలున్నాయి. అల్యూమినియం పలకలో ఉక్కు బోల్టు ఉన్నచోట తేమ చేరితే, రెండు లోహాలూ ఒక విద్యుత్ ఘటంగా మారి అల్యూమినియం కరిగిపోవటం వాటిలో సర్వసాధారణం. ఆనాటి గేర్‌బాక్సుల పెట్టెలకూ చక్రాలకూ వాడిన మెగ్నీషియం మిశ్రమలోహాలు ఈ విషయంలో మరీ సుకుమారమైనవి. రంగు ఒక్కచోట లేచిపోయినా తెల్లటి బూడిద ఊరుతుంది. ల్యాండింగ్ గేరుకు వాడే అధికబల ఉక్కుది మరో సమస్య. తుప్పు గీకి మళ్ళీ కాడ్మియం పూత పూసినప్పుడు ఆ విద్యుద్రసాయనిక చర్యలో పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తుంది. అందుకే పూత పూసిన భాగాన్ని వెంటనే సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటల తరబడి కాల్చి ఆ వాయువును వెళ్ళగొడతారు. కొత్తపూతతో మెరిసిపోతున్న ల్యాండింగ్ గేరు కాలును చూసి ఎంత చక్కగా బాగుచేశారో అని ముచ్చటపడే వీక్షకుడు అడగవలసిన ప్రశ్న, దాన్ని కాల్చిన పత్రం ఎక్కడ ఉందన్నది.

ఇక పగుళ్ళను కనిపెట్టే విధానాలకు వద్దాం. భాగాన్ని చెడగొట్టకుండా దాని లోపలి స్థితిని తెలుసుకునే పరీక్షలను అవినాశక పరీక్షలంటారు. వీటిలో అన్నిటికన్నా సరళమైనది, బహుశా అన్నిటికన్నా ఎక్కువ క్రమశిక్షణ కోరేది, రంజక పరీక్ష. రెక్కదూలంలో బోల్టు తీసిన రంధ్రం అంచును తీసుకుందాం. ముందుగా రంగును, గ్రీజును ద్రావకంతో పూర్తిగా తొలగించాలి. గీకి శుభ్రం చేయకూడదు, గీకితే మెత్తని లోహం పగులు నోటిని మూసేస్తుంది. తరువాత ఎర్రటి రంజకద్రవం పూసి పది నుంచి ముప్ఫై నిమిషాలు కదిలించకుండా ఉంచాలి. కేశనాళికీయత వల్ల ఆ ద్రవం వెంట్రుక మందం కన్నా సన్నని పగుల్లోకి కూడా చొచ్చుకుపోతుంది. ఆపైన ఉపరితలాన్ని పొడిగుడ్డతోనూ, చివర ద్రావకంతో తడిపిన గుడ్డతోనూ తుడవాలి. ద్రావకాన్ని నేరుగా చల్లితే పగుల్లోని రంగు కూడా కొట్టుకుపోతుంది. అప్పుడు తెల్లటి పొడిని పలుచగా జల్లితే, అది అద్దుడు కాగితంలా లోపలి ద్రవాన్ని పైకి లాగుతుంది. కొన్ని నిమిషాలకు తెల్లటి నేపథ్యం మీద సన్నని ఎర్రగీత ఊరుతుంది, లేదా ఊరదు. ఊరకపోతే పగులు లేదని చెప్పవచ్చా? ఉపరితలానికి తెరుచుకున్న పగులు లేదని మాత్రమే చెప్పవచ్చు. లోపలి పగుళ్ళకు అతిధ్వనులు, రంధ్రపు గోడలకు ఆవర్త విద్యుత్ ప్రవాహాలు, ఉక్కు భాగాలకు అయస్కాంత చూర్ణం, మూసుకుపోయిన నిర్మాణాలకు ఎక్స్‌కిరణాలు వాడతారు. ప్రతి పరీక్షకూ దాని హద్దు ఉంది. ఏ భాగానికి ఏ పరీక్ష, ఏ కోణం నుంచి, ఎన్ని గంటలకొకసారి అన్నది నమూనా రూపకర్తలు నిర్ణయించి రాసి ఉంచుతారు. ఆ రాత లేకపోతే పరికరం చేతిలో ఉన్నా ఎక్కడ చూడాలో తెలియదు.

జెట్ ఇంజిన్ సూత్రం విజ్ఞాన పాఠకులకు పరిచితమే. గాలిని పీల్చి, సంపీడనం చేసి, దహనకోష్ఠంలో కిరోసిన్‌తో మండించి, ఆ ఉష్ణవాయువుతో టర్బైన్ తిప్పి, మిగిలిన శక్తితో వాయువును వెనుకకు వేగంగా చిమ్మితే, ద్రవ్యవేగ మార్పుకు సమానమైన ప్రతిచర్యగా అభిబలం లభిస్తుంది. వల్కన్‌లోని ఒలింపస్ ఇంజిన్ ఈ వర్గంలో ఒక మైలురాయి. అల్పపీడన, అధికపీడన సంపీడకాలు రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడిన వేర్వేరు ఇరుసులపై, తమతమ వేగాలతో తిరిగే ద్విఇరుసు నిర్మాణం దానిది. టర్బైన్ ఆకులు ఎర్రగా కాగి, అపకేంద్ర బలానికి లాగబడుతూ పనిచేస్తాయి. ఆ స్థితిలో లోహం, ఒత్తిడి పెరగకపోయినా, కాలంతో పాటు మెల్లగా సాగుతుంది. ఈ నిదాన విరూపణాన్ని ఇంజనీర్లు క్రీప్ అంటారు. ఆకులను మోసే చక్రాలకు మాత్రం ప్రధాన శత్రువు చక్రసంఖ్య. ఆగిన ఇంజిన్‌ను పూర్తి వేగానికి తెచ్చి తిరిగి ఆపినప్పుడల్లా చక్రం ఒకసారి సాగి ముడుచుకుంటుంది. ఆకు తెగితే ఇంజిన్ పెట్టె దాన్ని చాలావరకు పట్టి ఆపగలదు. చక్రం పగిలితే ఆపగల పెట్టె లేదు. అందుకే ప్రదర్శన విమానం నడిపే చాలకులు థ్రాటిల్‌ను అవసరం లేకుండా పైకీ కిందికీ ఆడించరు. ప్రేక్షకులకు గర్జన వినిపించటం కోసం ఖర్చయ్యేది కిరోసిన్ మాత్రమే కాదు.

ఎక్స్‌హెచ్ 558 పునరుద్ధరణకు ఊపిరి పోసినది ఇంజిన్ల నిల్వ. ఓవర్‌హాల్ తరువాత నడవకుండా, తేమ చొరని సంచుల్లో భద్రపరచిన ఎనిమిది ఒలింపస్ ఇంజిన్లు దానికి దక్కాయి. అవి లేకుంటే ఆ ప్రయత్నమే ఉండేది కాదు. తేమను పీల్చే సిలికా జెల్ సంచులు ఇటువంటి భద్రతకు ప్రాణం. విచిత్రమేమంటే, ఆ సిలికా జెల్ వల్లనే 2012 మే 28న డాంకాస్టర్ విమానాశ్రయంలో రెండు ఇంజిన్లు నాశనమయ్యాయి. నిలిచి ఉన్న రోజుల్లో గాలిమార్గంలో తేమ చేరకుండా పెట్టిన సంచులు తీయకుండా మిగిలిపోయాయి. ఎగరటానికి రన్‌వే మీద శక్తి పెంచగానే మొదటి ఇంజిన్ వాటిని మింగింది. అది విరిగి చిమ్మిన శకలాలను పక్కనే ఉన్న రెండవ ఇంజిన్ పీల్చుకుంది. వల్కన్‌లో ఒక్కో రెక్కలోని రెండు ఇంజిన్లకూ గాలి ఒకే ముఖద్వారం గుండా వెళుతుంది. పొందికైన ఆకృతి కోసం చేసిన ఈ ఏర్పాటు ఆ రోజు ఒక నష్టాన్ని రెండు చేసింది. చాలకులు వెంటనే పరుగు ఆపివేయటంతో ప్రాణాపాయం తప్పింది గానీ, పరిమితమైన నిల్వలోంచి రెండు ఇంజిన్లు తరిగిపోయాయి. లోపలికి వెళ్ళిన ప్రతి సంచికీ, ప్రతి పానాకూ, ప్రతి గుడ్డముక్కకూ లెక్క ఉండాలని హ్యాంగర్లలో గోడల మీద రాసి ఉంటుంది. ఆ లెక్క చూసే మనిషికి జీతమూ, అతనికి పని ఆపించే అధికారమూ ఉన్నాయా అన్నది ముఖ్యం.

మిగిలిన వ్యవస్థల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వల్కన్‌లోని పద్నాలుగు ఇంధన ట్యాంకులు లోహపు పెట్టెలు కావు, రబ్బరు సంచుల వంటివి. రబ్బరు కాలంతో బిరుసెక్కుతుంది కనుక వాటి విషయంలో కాలెండరుదే రాజ్యం. హైడ్రాలిక్ సీళ్ళకూ గొట్టాలకూ ఇదే నియమం. విద్యుత్ తీగల తొడుగు పగిలిపోవటం మొదలైతే ఒక్కొక్క తీగను మార్చటం వృథా, గుత్తులను పూర్తిగా మార్చవలసిందే. అత్యవసర నిష్క్రమణ సీట్లలోని పేలుడు గుళికలకు తయారైన తేదీ నుంచే ఆయుష్షు నడుస్తుంది, వాడినా వాడకపోయినా.

ఇప్పుడు మొదట ప్రతిపాదించిన విషయానికి రావచ్చు. బ్రిటన్‌లో ఇటువంటి మాజీ సైనిక విమానాలకు ప్రయాణికుల విమానాల మాదిరి ధ్రువపత్రం ఇవ్వరు. పౌర విమానయాన సంస్థ ఎగరటానికి అనుమతిపత్రం ఇస్తుంది. విమానం ఎంత సంక్లిష్టమైనదో చూసి షరతులు విధిస్తుంది. వల్కన్ వంటి అత్యంత సంక్లిష్ట వర్గంలోనివాటికి, నమూనాను లోతుగా ఎరిగిన ఇంజనీరింగ్ సంస్థలు వెనుక నిలబడి బాధ్యత వహించాలన్నది ప్రధాన షరతు. ఎక్స్‌హెచ్ 558కు మార్షల్ ఏరోస్పేస్, రోల్స్‌రాయిస్, క్రాన్‌ఫీల్డ్ ఏరోస్పేస్ ఆ బాధ్యత వహించాయి. శ్రాంతి ఆయుష్షు చివరకు చేరినప్పుడు, 2013-14 శీతకాలంలో రెక్కలకు బలవర్ధక మార్పు చేసి ఆయుష్షు పొడిగించారు. ఆవ్రో కంపెనీ కాలపు ఇంజనీరింగ్ చిత్రపటాలు భద్రంగా ఉండబట్టే అది సాధ్యమైంది. అయినా 2015తో సహకారం విరమిస్తున్నట్టు మూడు సంస్థలూ ప్రకటించాయి. లోహం విఫలమైందని కాదు. మరే వల్కన్ కూడా చేరని గంటలను ఈ విమానం దాటేసింది. అంటే తరువాతి పగులు ఎక్కడ పుడుతుందో చెప్పగల పూర్వానుభవం ఏ విమానం నుంచీ లభించదు. ఆ నమూనా మీద చేతులతో పనిచేసిన ఇంజనీర్లు ఒక్కొక్కరుగా విశ్రాంతి జీవితంలోకి వెళ్ళిపోతూ వచ్చారు. విమానం 2015 అక్టోబరు 28న చివరిసారి ఎగిరింది. అందరికీ బాధ కలిగించినా, ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. ఎక్కడ చూడాలో తెలియని తనిఖీని తనిఖీ అనలేం.

ఈ అనుభవం మనకు పరాయిది కాదు. 1963లో భారత వైమానికదళంలో చేరిన మిగ్-21, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సేవ నుంచి వైదొలగింది. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ దాని దేహాన్ని నాసిక్‌లో, ఇంజిన్లను కోరాపుట్‌లో, ఏవియానిక్స్ పరికరాలను హైదరాబాద్ విభాగంలో తయారుచేసేది. హైదరాబాద్ విభాగం 1965లో నెలకొన్నదే ఆ పరికరాల కోసం. ఎప్పటికైనా ఒక మిగ్-21ను చారిత్రక విమానంగా ఎగిరించాలని ఎవరికైనా అనిపిస్తే, వారికి కావలసింది రంగు వేసిన దేహం కాదు. ప్రతి భాగపు లాగ్‌కార్డు, మరమ్మతు చిత్రపటాలు, టర్బైన్ చక్రాల చక్రసంఖ్యల పట్టికలు, పరీక్షా బల్లలు, వాటిని నడిపినవారి రాతపూర్వక అనుభవం కావాలి. వీటిలో ఎక్కువ భాగం ఇప్పుడు, ఆ కార్ఖానాల్లో పనిచేసినవారు ఇంకా అందుబాటులో ఉన్న ఈ కొద్ది సంవత్సరాల్లోనే, సేకరించి భద్రపరచగలం. తేమ చొరకుండా సీలు చేసిన ఇంజిన్లను కూడా దాచవచ్చు. నిష్క్రమణ సీటు గుళికలను మాత్రం దాచలేం. వాటిని తయారుచేసే ఒక వరుసను ఎక్కడో ఒకచోట నడుపుతూ ఉండవలసిందే.